పెద్దదానికి పక్కన ఎవరో కూర్చోవాలి, చిన్నోడికి ఎవరూ అక్కర్లేదు. ఇది పుట్టిన వరసేనా?

కుంకుడురసం (హైదరాబాద్), ఆదివారం రాత్రి 10:50

మా ఇంట్లో ఇద్దరు. పెద్దది పాప, పదేళ్లు, ఐదో తరగతి. చిన్నోడికి ఆరున్నర, ఒకటో తరగతి. నా బాధ పెద్దదాని గురించి.

హోంవర్క్ చేసేటప్పుడు నేను పక్కన కూర్చోవాలి. నేనేమీ చెప్పక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు, చకచకా చేసేస్తుంది. లేచానా, అక్కడే ఆగిపోతుంది. "అమ్మా, ఇది కూడాలా, తీసెయ్యాలా?" "అమ్మా, తేదీ పైన రాయనా, పక్కన రాయనా?" ఒక్క అంకె వంకరగా వస్తే రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిరిగేదాకా వదలదు. మొన్న గురువారం నాకు ఆఫీసు కాల్ గంటంపావు సాగింది. వచ్చి చూస్తే నోట్‌బుక్‌లో తేదీ ఒక్కటే ఉంది. పెన్సిల్ మాత్రం చెక్కి చెక్కి సగమైంది.

చిన్నోడు దీనికి పూర్తిగా రివర్స్. చదవడం ఎవరూ నేర్పలేదు, వాడే పట్టేశాడు. బస్సు మీద బోర్డులు చదువుతాడు. అక్క తెలుగు వాచకం తీసి గడగడా చదివి వినిపిస్తాడు. హోంవర్క్ ఎప్పుడు చేస్తాడో నాకే తెలీదు. అడిగితే "అయిపోయింది" అంటాడు, బ్యాగ్ సర్దేసి ఉంటుంది.

మా అత్తగారేమో "తొలిచూలు పిల్లలు అంతేనే, గారాబం" అంటారు. మావారు కూడా ఇంటికి పెద్దవాడే, ఆయన ఇప్పటికీ గ్యాస్ బుక్ చెయ్యాలన్నా నన్నడుగుతారు. (అది వేరే కథ.) నిజంగా పుట్టిన వరసకీ దీనికీ సంబంధం ఉందా, లేక నేనే ఏదైనా చెడగొట్టానా?

నడిపోడు (నల్గొండ), ఆదివారం రాత్రి 11:20

మా ఇంట్లో కథ తలకిందులు. మేం ఐదుగురం, నేను మూడోవాణ్ణి. అమ్మానాన్న పత్తిచేనుకి పోతే పొద్దుగూకినాకే రావడం. మా పెద్దక్క పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆమే మా అందరి పక్కనా కూర్చుంది. బోళ్లు తోముకుంటూ పదమూడో ఎక్కం అడిగేది, తప్పు చెబితే ఆ బూడిద చేత్తోనే నెత్తి మీద ఒక్కటి. ఆమెకి లెక్క రాకపోతే మాకు చెప్పడం కోసం తనే ఎట్లాగో నేర్చుకొని వచ్చేది.

అందుకని తొలిచూలు వాళ్లు ఒకరి మీద ఆధారపడతారంటే నేనొప్పుకోను. కాకపోతే ఒకటి. అక్క టెన్త్‌తో ఆగిపోయింది. మా మగపిల్లలం ముగ్గురం డిగ్రీలు చేశాం. ఆ సంగతి మా ఇంట్లో ఎవరం మాట్లాడుకోం.

చింతచిగురు (రాజమండ్రి), సోమవారం ఉదయం 6:45

కుంకుడురసం గారూ, మీ చిన్నోణ్ణి మాకు ఒక్క నెల అద్దెకిస్తారా? మా ఇంట్లో పెద్దోడూ చేయడు, చిన్నోడూ చేయడు. వరసతో పనేం లేదు మాకు.

సగటుమనిషి (బెంగళూరు), సోమవారం ఉదయం 9:30

నా ఉద్యోగం గణాంకాలు, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఈ ప్రశ్నకి 150 ఏళ్ల వయసుంది. 1874లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఇంగ్లండు శాస్త్రవేత్తల వివరాలు పోగేసి, వాళ్లలో పెద్దకొడుకులు ఉండాల్సినదానికన్నా ఎక్కువమంది ఉన్నారని రాశాడు. తర్వాత ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ దీన్ని మనస్తత్వశాస్త్రంలోకి తెచ్చాడు. పెద్దవాడు అప్పటిదాకా ఏలిన సింహాసనం తమ్ముడు పుట్టగానే పోగొట్టుకుంటాడు, రెండోవాడు ఎప్పుడూ పరుగుపందెంలో ఉన్నట్టుంటాడు, ఆఖరివాడు గారాల బిడ్డ, ఇలా. ఆడ్లర్ తనే రెండో సంతానం, అది గుర్తుపెట్టుకుని చదవాలి.

అసలు చిక్కు పోల్చడంలో ఉంది. ఊళ్లో ఉన్న "నాలుగో సంతానం" అందర్నీ ఒక పక్క, "మొదటి సంతానం" అందర్నీ ఇంకో పక్క నిలబెట్టామనుకోండి. నాలుగోవాళ్లందరూ కనీసం నలుగురు పిల్లలున్న ఇళ్ల నుంచే వస్తారు. మొదటివాళ్లు అన్ని రకాల ఇళ్ల నుంచీ వస్తారు. తేడా కనబడితే అది వరసదా, ఇంటి ఆదాయానిదా? తేల్చలేం. మంచి పరిశోధనలు ఒకే ఇంట్లోని అన్నదమ్ముల్ని పోలుస్తాయి.

2007లో నార్వేలో సైన్యంలో చేరే వయసు కుర్రాళ్లు సుమారు 2,40,000 మంది పరీక్షల లెక్కలు చూశారు. పెద్దవాళ్ల తెలివితేటల స్కోరు రెండోవాళ్లకన్నా సగటున 2.3 పాయింట్లు ఎక్కువ. అందులో నన్ను ఆపేసిన విషయం ఇంకొకటుంది. అన్న చిన్నప్పుడే చనిపోయి, రెండోవాడే ఇంటికి పెద్దవాడుగా పెరిగిన చోట వాడి స్కోరు పెద్దవాళ్ల స్కోరులాగే ఉంది. అంటే కడుపులో జరిగేదేమీ కాదు, ఇంట్లో ఏ స్థానంలో పెరిగాడన్నదే లెక్క.

స్వభావం సంగతికొస్తే 2015లో అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో 20,000 మందికి పైగా జనం మీద చూశారు. కలుపుగోలుతనం, కంగారు, బాధ్యత వీటిలో వరస ప్రభావం దాదాపు ఏమీ దొరకలేదు.

కాబట్టి మీ అత్తగారి మాటకి లెక్కల మద్దతు తక్కువేనండీ.

చింతచిగురు (రాజమండ్రి), సోమవారం ఉదయం 10:05

ఆ 2.3 పాయింట్లంటే మాలాంటివాళ్లకి అర్థమయ్యేలా చెప్పండి సార్.

సగటుమనిషి (బెంగళూరు), సోమవారం ఉదయం 10:40

ఏదో ఒక ఇంట్లో అన్ననీ తమ్ముణ్ణీ నా ముందు కూర్చోబెట్టి, పరీక్ష పెట్టి, ఎవరు పెద్దో స్కోరు చూసి చెప్పమంటే నేను బొమ్మాబొరుసూ వేసిన దానికన్నా కాస్త మెరుగ్గా చెప్పగలను, అంతే. లక్షలమందిని కలిపి చూస్తేనే కనపడే తేడా అది. ఒక్క పిల్లకి అతికించకూడదు.

మీకు పనికొచ్చే లెక్క ఇంకొకటుంది. 2008లో జోసెఫ్ ప్రైస్ అనే ఆర్థికవేత్త అమెరికా కుటుంబాలు రోజు ఎలా గడుపుతాయో చూశాడు. ఒకే వయసులో ఉన్నప్పుడు పోలిస్తే, రెండో బిడ్డకన్నా మొదటి బిడ్డతో అమ్మానాన్నలు రోజుకి 20 నుంచి 30 నిమిషాలు ఎక్కువ గడిపారు. చదివించడం, ఆడించడం లాంటి సమయం. ఏళ్ల తరబడి కూడితే చిన్న మొత్తమేమీ కాదు.

కుంకుడురసం (హైదరాబాద్), సోమవారం మధ్యాహ్నం 1:15

ఆ 20 నిమిషాల మాట చదివాక అన్నం తినలేకపోయాను.

పెద్దది పుట్టినప్పుడు నేను ఉద్యోగం మానేసి నాలుగేళ్లు ఇంట్లో ఉన్నాను. రంగుల చార్టులు గోడంతా. మూడేళ్లకే అ ఆలు దిద్దించాను, తన చేతి మీద నా చెయ్యి వేసి. చిన్నోడు పుట్టిన ఏడాదికి మళ్లీ ఉద్యోగం. వాడి చెయ్యి పట్టుకుని ఒక్క అక్షరం దిద్దించిన గుర్తు లేదు నాకు.

అంటే ఎక్కువ ఇచ్చింది దానికే. మరి ఎక్కువిచ్చినది గట్టిపడాలి కదా? ఇలా ఎందుకైంది?

ఒంటరిటీచరు (పాడేరు వైపు), సోమవారం రాత్రి 8:30

మేడమ్, నేను ఎస్జీటీని, అంటే ప్రాథమిక తరగతులకి చెప్పే టీచర్ని. నాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటి నుంచి ఐదు దాకా ఐదు తరగతులు, 17 మంది పిల్లలు, ఒక గది, ఒక వరండా, నేను. ఎవరి పక్కనా కూర్చునే అవకాశం నాకు లేదు. నేను రెండో తరగతికి గుణింతాలు చెబుతుంటే మిగతా నాలుగు తరగతులూ వాళ్ల పని వాళ్లు చేసుకోవాలి, లేకపోతే బడి నడవదు.

మీ పాప విషయంలో నాకు తోచింది చెబుతాను. తప్పైతే క్షమించండి. మీరు కూర్చుంటే చకచకా చేస్తుంది అన్నారు, మీరేమీ చెప్పక్కర్లేదనీ అన్నారు. అంటే లెక్క దానికి వచ్చు. రానిది ఇంకొకటి: "నేను చేసింది కరెక్టే" అని తనంతట తను అనుకోవడం. ఆ పని ఇన్నేళ్లూ మీ ముఖం చేసింది. పిల్లలు రాస్తూ రాస్తూ మన ముఖం చూస్తారు, గమనించారా? అంకె తప్పు పడగానే మన కనుబొమ్మ లేస్తుంది. రబ్బరు తీస్తారు. మనం నోరు విప్పలేదు అనుకుంటాం.

నా దగ్గరకి కొత్తగా చేరే పిల్లల్లో కూడా ఇది చూస్తాను. ఇంట్లో మొదటి బిడ్డ అయితే పలక మీద ఒక అక్షరం రాయగానే పట్టుకొచ్చి చూపిస్తుంది. రెండో అక్షరం, మళ్లీ పరుగు. అదే అక్కో అన్నో అప్పటికే బళ్లో ఉన్నవాడైతే రాడు. వాడికి చూపించుకోడానికి పక్కనే వేరే మనిషి ఉంది. ఇది అందరికీ వర్తించే సూత్రమని చెప్పను, 11 ఏళ్లలో నేను చూసింది ఇది.

మన దగ్గరే ఒక పాత ప్రయోగం ఉంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బళ్లు నడిపారు, అన్ని వయసులూ ఒకే గదిలో. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా ముక్కలు చేసి నిచ్చెనలా పేర్చారు. పిల్లే వెళ్లి తన కార్డు తెచ్చుకుంటుంది. కొన్ని కార్డులకి టీచర్ కావాలి, కొన్నిటికి పక్కపిల్ల చాలు, కొన్ని ఒంటరిగా చేసుకోవాలి. ఏ కార్డు దగ్గర ఎవరి సాయం అడగాలో పిల్లకి తెలుస్తుంది. తర్వాత తమిళనాడు సర్కారు బళ్లు కూడా ఆ పద్ధతి తీసుకున్నాయి. నేను కార్డులన్నీ వాడను, ఆ ఆలోచన మాత్రం వాడతాను.

ఇక మాంటిస్సోరి, చిన్నపిల్లల చదువుకి తనదైన పద్ధతి తెచ్చిన ఇటలీ ఆవిడ. ఆమె 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం మూలాన 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయింది. ఆమె పద్ధతిలో నడిచే బళ్లలో మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలు కలిసే ఉంటారు. నాకు అందులో నచ్చింది వస్తువులూ చెక్కబొమ్మలూ కాదు. ఒకే గదిలో పిల్ల మొదటి ఏడాది అందరికన్నా చిన్నది, రెండో ఏడాది నడిపిది, మూడో ఏడాది పెద్దది. వరస ఏటా మారుతుంది. ఇంట్లో ఆ వీలు లేదు, పెద్దది చచ్చేదాకా పెద్దదే.

నడిపోడు (నల్గొండ), సోమవారం రాత్రి 9:10

సార్, నేను ఆ ఒక్క ఏడాది పెద్దవాడయ్యే బడి కోసం యాభై ఏళ్లుగా వెతుకుతున్నాను.

కడగొట్టుది (తెనాలి), సోమవారం రాత్రి 11:35

అందరూ పెద్దమ్మాయి గురించే మాట్లాడుతున్నారు. నేను చిన్నోడి తరఫున వచ్చాను.

మేం నలుగురు అక్కచెల్లెళ్లం, నేను ఆఖరిదాన్ని. "దాన్ని చూసుకోనక్కర్లేదు, అదే చదువుకుంటుంది" అనేది మా ఇంట్లో నాకిచ్చిన బిరుదు. ఏడో తరగతి దాకా నాకు బోర్డు కనపడేది కాదు. నల్ల పలక మీద తెల్లటి మసక. అందరికీ అలాగే కనపడుతుందనుకున్నాను. పక్కమ్మాయి నోట్స్ చూసి రాసుకునేదాన్ని, మార్కులు వచ్చేవి, ఎవరికీ అనుమానం రాలేదు. చివరికి పెళ్లిచూపులకని పెద్దక్కకి కళ్లు చూపించడానికి వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్తే, డాక్టరు సరదాకి నా కళ్లు కూడా చూశాడు. మైనస్ మూడున్నర.

మా పెద్దక్కకి అలా జరిగుండేది కాదు. దాని నోట్‌బుక్ రోజూ నాన్న చేతిలో ఉండేది. దానికి ఊపిరాడలేదు, నిజమే. నన్నసలు ఎవరూ చూడలేదు. అలా ఎవరూ చూడకపోవడానికి మీరందరూ "స్వతంత్రంగా నేర్చుకోవడం" అని పేరు పెడుతున్నారు.

కుంకుడురసం గారూ, "అయిపోయింది" అని సర్దేసిన ఆ బ్యాగ్ ఒక్కసారి తెరిచి చూడండి. వాచకంలో మధ్యలో ఏదో ఒక మాట మీద వేలు పెట్టి, ఇదేంటి అని అడగండి. మొదటి నుంచి చదవనివ్వకండి.

విజయపథం (విజయవాడ), మంగళవారం ఉదయం 7:20

ఇవన్నీ ఎందుకండీ, పాపని మంచి ట్యూషన్‌లో వేసేయండి. ఐదో తరగతి నుంచే ఫౌండేషన్ మొదలవ్వాలి. మా అబ్బాయికి రోజూ రెండు గంటలు మాస్టారు ఇంటికే వస్తారు. టెన్షన్ లేదు.

చింతచిగురు (రాజమండ్రి), మంగళవారం ఉదయం 7:50

పక్కన మనిషి ఉంటే తప్ప రాయడం లేదన్నది సమస్య. డబ్బులిచ్చి ఇంకో మనిషిని పక్కన కూర్చోబెట్టమంటారా?

విజయపథం (విజయవాడ), మంగళవారం ఉదయం 7:58

మా వాడికి 97 శాతం వస్తోంది మేడమ్. నా అనుభవం నేను చెప్పాను.

కుంకుడురసం (హైదరాబాద్), మంగళవారం రాత్రి 9:40

కడగొట్టుది గారూ, మీరు చెప్పినట్టే చేశాను.

వాడికి చదవడం రాదు.

వాచకం తీసి చదవమంటే ఎప్పటిలాగే గడగడా మొదలెట్టాడు. ఆపి, మూడో లైన్లో "వర్షం" మీద వేలు పెట్టాను. నా ముఖం చూశాడు. "మొదటి నుంచి చదివితే వస్తుంది" అన్నాడు. ఇంకో మాట, ఇంకో మాట. "ఆవు" తప్ప ఏదీ చెప్పలేకపోయాడు, అదీ పక్కన బొమ్మ ఉంది కాబట్టి. అక్క రోజూ సాయంత్రం నా పక్కన కూర్చుని పైకి చదువుతుంటే వీడు టేబుల్ కింద కార్లతో ఆడుకుంటూ విన్నాడు. పాఠం మొత్తం నోటికొచ్చేసింది. ఇంకోటి చెబితే మీరు నమ్మరు. "ఆశ్చర్యపోయింది" అన్న చోట అక్క ఎప్పుడూ తడబడి, ఆగి, మళ్లీ చదివేది. వీడూ సరిగ్గా అక్కడే తడబడి, ఆగి, మళ్లీ చదువుతున్నాడు!

బస్సు బోర్డూ అంతే. మా స్టాపులో ఆగేవి నాలుగు నంబర్లు. ఏ నంబరు ఎక్కడికో కండక్టర్ అరుపులు విని గుర్తుపెట్టుకున్నాడు.

హోంవర్క్ పుస్తకంలో సంఖ్యలతో ఉన్న కూడికలన్నీ చేశాడు, అన్నీ కరెక్ట్. మాటల్లో ఉన్న లెక్కలన్నీ ఖాళీ. పేజీలకి పేజీలు ఖాళీ. టీచర్ ఎర్రటి చుక్క పెట్టి వదిలేశారు, నేను ఒక్కసారీ చూడలేదు.

నవ్వాలో ఏడవాలో తెలీక మావారికి చెప్తే ఆయన నవ్వారు.

నడిపోడు (నల్గొండ), మంగళవారం రాత్రి 10:00

అక్కా, వాడు చదవలేకపోయినా ఆర్నెల్లు మీ అందర్నీ నమ్మించాడు. నేనైతే వాడికి తెలివి తక్కువని అనుకోను.

ఒంటరిటీచరు (పాడేరు వైపు), మంగళవారం రాత్రి 10:25

కంగారు పడకండి మేడమ్. ఒకటో తరగతిలో ఇది చాలామంది చేసేదే. వినికిడితో అంత పట్టుకున్నాడంటే అక్షరాలకి ఎక్కువ రోజులు పట్టదు. కానీ రోజూ పదిహేను నిమిషాలు వాడికి మనిషి కావాలి. వాడి దగ్గర మీరు కూర్చోండి. పెద్దదాని దగ్గర నుంచి లేవండి. చిన్నవాళ్లకి సాయం అక్కర్లేదనీ పెద్దవాళ్లకి కావాలనీ మనం రివర్స్‌లో పంచుతున్నాం అప్పుడప్పుడు.

ఒక్కడినాన్న (డాలస్), బుధవారం ఉదయం 5:30

మాకు ఒక్కడే, ఎనిమిదేళ్లు. అంటే మావాడు ఎప్పటికీ తొలిచూలే, కడగొట్టే. టేబుల్ కింద కార్లతో ఆడుకుంటూ వినడానికి ఎవరూ లేరు. ఇక్కడ స్కూల్లో వాడు బాగానే ఉన్నాడు, ఇంటికి రాగానే "నాన్నా, వాట్ నెక్స్ట్?" సెలవు రోజు కూడా టైమ్‌టేబుల్ అడుగుతాడు. ఊళ్లో మా అమ్మ ఫోన్లో "ఒంటికాయ శొంఠికొమ్ము, అంతే మరి" అంటుంది. ఒక్కరే అయితే నిజంగా నష్టమా?

సగటుమనిషి (బెంగళూరు), బుధవారం ఉదయం 9:15

ఈ ప్రశ్న ఇప్పుడు సగం ఊరిది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. రెండో బిడ్డే ఐచ్ఛికమైపోతోంది.

1986లో టోనీ ఫాల్బో, డెనిస్ పొలిట్ అనే పరిశోధకులు అప్పటిదాకా జరిగిన ఎన్నో అధ్యయనాల్ని కలిపి చూశారు. ఒక్కగానొక్క పిల్లలు చదువులో, స్వభావంలో మొదటి సంతానం లాగా, చిన్న కుటుంబాల పిల్లల్లాగానే ఉన్నారు. లోపమేమీ తేలలేదు.

అయితే 1975లో మనస్తత్వవేత్త రాబర్ట్ జాయోంట్స్ (రాత చూసి అందరూ జజోంక్ అంటారు) చెప్పిన ఒక ఊహ ఇక్కడ పనికొస్తుంది. పెద్దపిల్లలకి కలిసొచ్చేదాంట్లో ఒక భాగం తమ్ముళ్లకి చెప్పే అవకాశమట. చెప్పేవాడికే ఎక్కువ వస్తుంది. ఆ అవకాశం ఆఖరివాళ్లకీ, ఒక్కగానొక్కళ్లకీ ఉండదు. ఆయన మొత్తం సిద్ధాంతం మీద తర్వాత చాలా విమర్శలొచ్చాయి, కానీ నడిపోడు గారి పెద్దక్క కథ చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది.

నడిపోడు (నల్గొండ), బుధవారం ఉదయం 9:40

మా అక్కకి ఎక్కువ వచ్చింది నిజమే సార్. సర్టిఫికెట్ మాత్రం మాకొచ్చింది.

ముగ్గురమ్మ (గుంటూరు), బుధవారం మధ్యాహ్నం 3:20

ఇంతసేపూ ఒక్కరూ అనలేదు, నేనంటాను. ఇక్కడ పెద్దది ఆడపిల్ల, చిన్నోడు మగపిల్లాడు. అది వరస అని అందరూ అంటున్నారు. నేను ఒప్పుకోను.

నాకు పెద్దది అమ్మాయి, తర్వాత ఇద్దరు అబ్బాయిలు. అమ్మాయి అక్షరం వంకరగా రాస్తే "ఆడపిల్లవి, రాత ముత్యాల్లా ఉండొద్దూ" అన్నది మా నాన్నగారు. అదే వంకర అక్షరం అబ్బాయి రాస్తే "డాక్టరు రాతరా నీది" అని నవ్వింది కూడా మా నాన్నగారే. తప్పుకి ఒకళ్లకి సిగ్గు, ఇంకొకళ్లకి ముద్దు. రబ్బరు ఎవరి చేతిలో అరిగిపోతుందో చెప్పండి ఇప్పుడు.

నేనిది తెలుసుకునేసరికి అమ్మాయి తొమ్మిదో తరగతికొచ్చింది. మీరు ఐదులోనే అడుగుతున్నారు, నయం.

కుంకుడురసం (హైదరాబాద్), బుధవారం మధ్యాహ్నం 3:50

ముగ్గురమ్మ గారూ... మా అత్తగారు కాదు, నేనే అంటాను ఆ ముత్యాల మాట. మా అమ్మ నన్నూ అలాగే అనేది.

సగటుమనిషి (బెంగళూరు), బుధవారం సాయంత్రం 6:10

ముగ్గురమ్మ గారు నా లెక్కల్లో పెద్ద కన్నం చూపించారు. నేనిచ్చినవన్నీ నార్వే, అమెరికా. మన దేశంలో వరసనీ ఆడామగా తేడానీ విడదీసి చూడలేం. 2017లో సీమా జయచంద్రన్, రోహిణి పాండే అనే ఆర్థికవేత్తలు మన పిల్లల ఎత్తు మీద రాశారు. ఆఫ్రికా దేశాల పిల్లలతో పోలిస్తే మన పిల్లలు పొట్టిగా ఎందుకున్నారు అన్నది ప్రశ్న. చూస్తే మొదటి సంతానంలో ఆ లోటు లేదు. రెండో బిడ్డ నుంచి మొదలై, తర్వాత తర్వాత పెరుగుతోంది. పెద్దకొడుకు మీద ఉండే మక్కువ దీనికి ముఖ్య కారణమని వాళ్ల వాదన. తిండీ వైద్యమే అలా పంచుతున్న చోట, పక్కన కూర్చునే సమయం ఎలా పంచుతామో వేరే చెప్పాలా.

కడగొట్టుది (తెనాలి), బుధవారం రాత్రి 10:15

నలుగురు ఆడపిల్లల్లో ఆఖరిదాన్నని చెప్పాను కదా. నేను పుట్టినప్పుడు మా నాయనమ్మ ఆస్పత్రికి రాలేదట. ఇంక అంతకన్నా రాయను.

కుంకుడురసం (హైదరాబాద్), గురువారం ఉదయం 8:05

ఒంటరిటీచరు గారూ, "లేవండి" అన్నారు. ఎలా లేవాలి? నిన్న లేస్తే ఏడ్చింది. హోంవర్క్ సగంలో ఆగిపోతే డైరీలో రిమార్క్ వస్తుంది, దానికది ప్రాణసంకటం.

ఒంటరిటీచరు (పాడేరు వైపు), గురువారం రాత్రి 8:50

స్లాబ్ పోశాక సెంట్రింగ్ కర్రలు ఒక్కరోజులో పీకరు కదా మేడమ్. అలాగని ఏళ్ల తరబడి ఉంచితే ఆ కర్రల మధ్య ఎవరూ కాపురం ఉండలేరు. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అని ముగ్గురు పరిశోధకులు చిన్నపిల్లలకి చెక్కముక్కలతో గోపురం కట్టించి చూసి ఇలాంటి మాటే వాడారు, పరంజా అని.

నేనైతే ఇలా చేస్తాను. మొదటి వారం అదే గదిలో ఉండండి, పక్కన వద్దు. మీ పని మీరు చేసుకోండి, చిక్కుడుకాయలు ఒలవండి, వీపు కొంచెం దానివైపు పెట్టండి, ముఖం కనపడకూడదు. "ఇది కూడాలా, తీసెయ్యాలా" అంటే జవాబు చెప్పకండి, "నీకేమనిపిస్తోంది?" అనీ అడగకండి. అది పిల్లలకి ఇంకో పరీక్ష. "లెక్క పైకి చదువు, నేను వింటాను" అనండి. నూటికి తొంభైసార్లు చదవడంలోనే దానికి తెలిసిపోతుంది. తప్పు చేస్తే తప్పుతోనే బడికి పోనివ్వండి. అది మీ వల్ల అవుతుందా లేదా అన్నది మీ హోంవర్క్.

రబ్బరు తీసేయండి. తప్పయితే ఒక్క గీత కొట్టి పక్కన రాయమనండి. టీచర్‌కి ముందే ఒక మాట చెప్పండి, లేకపోతే గీతలకి మార్కులు కోస్తారు.

ఇంకొకటి, చిన్నోడికి చదవడం అక్కని నేర్పమనండి. కానీ చేతులు వెనక్కి కట్టుకుని నేర్పమనండి. మా బళ్లో ఇది నియమం. పెద్దపిల్లలు చిన్నవాళ్లకి చెప్పేటప్పుడు పలక ముట్టుకోకూడదు. ముట్టుకుంటే వాళ్లే రాసేస్తారు, పని త్వరగా అవుతుందని. చేతులు కట్టుకుంటే నోటితో చెప్పాలి, ఆగాలి, చూడాలి. మొదట్లో కాళ్లతో నేలని తన్నుకుంటారు ఓపిక చాలక. చూడ్డానికి భలే ఉంటుంది.

అది పెద్దదిగా ఉన్నది మీ ఇంట్లోనే. ఎక్కడైనా అది చిన్నది అయ్యే చోటు వెతకండి. మీ అపార్ట్‌మెంట్‌లో ఎనిమిదో తరగతి పిల్ల ఎవరైనా ఉంటే, దాని పక్కన కూర్చుని తన హోంవర్క్ తను చేసుకోనివ్వండి. ఆ పిల్ల దీనికేమీ చెప్పదు, తన పని తను చేసుకుంటుంది. దీనికి కావలసింది అదే.

ఒక్కడినాన్న (డాలస్), శుక్రవారం ఉదయం 4:50

చేతులు వెనక్కి కట్టుకోవడం నేను ఈరోజు ప్రయత్నించాను, మావాడి సైన్స్ ప్రాజెక్ట్ దగ్గర. నాలుగు నిమిషాలకే విప్పేశాను. గ్లూ కార్పెట్ మీద పడింది సార్, ఏం చెయ్యను.

ఒంటరిటీచరు (పాడేరు వైపు), శుక్రవారం రాత్రి 9:00

మా బళ్లో కార్పెట్ లేదు, అదృష్టం.

కుంకుడురసం (హైదరాబాద్), మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:30

చాలామంది మెసేజ్ పెట్టారు, అందుకని రాస్తున్నాను.

మొదటి వారం ఘోరం. రెండు రోజులు ఏడుపు, ఒకరోజు నేనూ. చిక్కుడుకాయలు ఒలిచీ ఒలిచీ ఇంట్లో అందరికీ చిక్కుడు మీద విరక్తి వచ్చింది. నాలుగో రోజు లెక్కలు పదిలో ఆరు తప్పు. నా కళ్లకి ఇంటి అవతల నుంచి కూడా కనపడుతున్నాయి, భాగించాల్సింది గుణించేసింది. నోరు మూసుకుని బ్యాగ్‌లో పెట్టనిచ్చాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అది హాయిగా నిద్రపోయింది. మర్నాడు పదికి నాలుగు వచ్చాయి. ఇంటికొచ్చి "గుణించేశాను, నువ్వు చూడలేదు కదా" అని నా మీద పడింది. చూశానని నేను చెప్పలేదు.

ఇప్పటికీ "అమ్మా" అని పిలుస్తుంది, కానీ గంటకి ఇరవైసార్లు కాదు, ఐదారుసార్లు. సోషల్ దగ్గర ఏమీ మారలేదు, అక్కడ ఇంకా కూర్చోవాల్సిందే. పై ఫ్లోర్ అమ్మాయి దగ్గరికి మంగళ, గురువారాలు వెళ్తోంది. అక్కడ బాగా చేసుకుంటోంది, ఒక్క ప్రశ్నా అడగదట. అది విని కొంచెం ఉక్రోషం వచ్చింది నాకు.

చిన్నోడి దగ్గర రోజూ పదిహేను నిమిషాలు నేను, పది నిమిషాలు అక్క. అక్క చేతులు వెనక్కే కట్టుకుంటోంది కానీ గడ్డంతో అక్షరం చూపిస్తోంది. వాడు ఒత్తులు లేని మాటలు చదువుతున్నాడు. నిన్న బస్సు బోర్డు మీద మొదటిసారి తప్పు చదివాడు, అంటే నిజంగానే చదివాడన్నమాట. "మెహిదీపట్నం"ని "మెదీపటం" అన్నాడు.

అత్తగారు మాత్రం తొలిచూలు మాట వదల్లేదు.

ముగ్గురమ్మ (గుంటూరు), ఆదివారం రాత్రి 9:55

రబ్బరు సంగతేమైంది?

కుంకుడురసం (హైదరాబాద్), ఆదివారం రాత్రి 10:10

పెన్సిల్ బాక్సులోంచి తీసేసి మూడు వారాలైంది. ఈరోజు బ్యాగ్ ఉతుకుదామని తిరగేస్తే అడుగున, చిరిగిన లైనింగ్ లోపల, ఇంకోటి దొరికింది. బియ్యపుగింజంత మిగిలింది. మళ్లీ అక్కడే పెట్టి, బ్యాగ్ ఉతక్కుండానే తగిలించేశాను.